పైకప్పుకి ముక్కు

రాత్రి రెండున్నరకి ఒక 'కీచ్'.
మళ్ళీ నలభై సెకన్లకి.
లెక్కపెట్టాను. ఇరవై ఆరేళ్ళు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని,
లెక్కపెట్టకుండా భయపడటం నాకు రాదు.
ఎలక, అంది మా ఆడపడుచు వరహాలు.
బల్లి, అన్నాను.
చీపురు ఒకరం, టార్చి ఒకరం పట్టుకుని
ఫ్రిజ్ వెనకా బియ్యం డ్రమ్ము వెనకా వెతికాం.
అది నెత్తిమీంచి మమ్మల్నే చూస్తూ
ఎర్రగా ఒకసారి కన్ను కొట్టింది.

మల్లాపూర్‌లో ఈ ఫ్లాటు కొన్నప్పుడు
బిల్డరు రంగుల కాగితంలో
ఈతకొలను పక్కనే అచ్చేసిన మాట: పొగ అలారం.
ఈతకొలను రాలేదు. ఇది వచ్చింది.
పదకొండేళ్ళు వంటింటి గుమ్మం పైన కూచుని
నా ప్రతి పోపునీ తప్పుపట్టింది.
ఇంగువకి ఊరుకునేది, ఎండుమిరపకి అరిచేది.
వరహాలు పరుగున వచ్చి తువ్వాలుతో విసిరేది,
అలిగిన వియ్యపురాలికి విసిరినట్టు.
బోనాల నాడు సాంబ్రాణి వెయ్యాలంటే
ముందు దాని తలకి షవర్ క్యాప్ తొడగాలి.

పొద్దున్నే నాచారం నుంచి ఖలీల్ వచ్చాడు.
వాచ్‌మన్ ఇచ్చిన నిచ్చెనకి ఒక కాలు పొట్టి.
పదో తరగతి గైడు మడిచి కింద పెట్టాను,
ఇన్నాళ్ళకి ఎవరినో నిలబెట్టింది.
"మెయిన్ బంద్ చేసిన్రా మేడమ్?"
చేశాను. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ నిట్టూర్చింది.
అయినా టెస్టరు పెట్టి చూశాడు.
నా మాట నమ్మకపోవడం నాకు నచ్చింది.
కరెంటు లేకపోయినా అది 'కీచ్' మంది.
"లోపల బ్యాటరీ ఉంటది. దీని జాన్ జల్దీ పోదు."

తిప్పి ఊడదీస్తే, వెనక ఒక తేదీ.
పదేళ్ళే నీ ఆయుష్షని పుట్టినప్పుడే రాసి
ఆ వైపు కప్పుకేసి బిగించారు.
అది ఉన్నచోట తెల్లటి గుండ్రం మిగిలింది.
అప్పుడు తెలిసింది
మిగతా కప్పంతా మా పోపుల రంగని.

కొత్తదాని మూతి పాత తీగలకి పట్టలేదు.
కత్తిరించి, పళ్ళతోనే తొడుగు ఒలిచాడు.
ఎరుపు. నలుపు. ఇంకొకటి పసుపు.
"ఇదేంటి?"
"చెప్పే తీగ మేడమ్. ఒకటి అరిస్తే
పక్కది గూడ అరవాలె."
"పక్కది ఏది?"
హాల్లోకి చూశాడు. పడగ్గదిలోకి చూశాడు.
చూసి,
ఆ తీగ కొసకి నల్ల టేపు చుట్టి
కన్నంలోకి తోసేశాడు.

మెయిన్ వేశాం. మీట నొక్కాడు, కూసింది.
"మీట నొక్కితే ఏదైనా కూస్తుంది.
దానికి పొగ చూపించాలి," అన్నాను.
బాణలి పెట్టాను. నూనె లేకుండా ఏడు గుంటూరు మిరపకాయలు.
ఫ్యాను వెయ్యొద్దన్నాను.
వరహాలు చెంగు ముక్కుకి అడ్డుపెట్టుకుంది.
ఖలీల్ నిచ్చెన సగంలో తుమ్మి, దగ్గి, దేవుణ్ణి పిలిచాడు.
కొత్తది మాత్రం మౌనం. నేను లెక్కపెడుతున్నాను.
పదిహేడు, పద్దెనిమిది,
పంతొమ్మిదికి
ఇల్లు రెండుగా చీలేట్టు అరిచింది!
అంత సంతోషంగా నేనెప్పుడూ దగ్గలేదు.

ఎవరో తలుపు బాదారు.
పైఫ్లాటు ఆయన, బనీను మీద, చేతిలో బకెట్టు.
నాలుగేళ్ళుగా లిఫ్టులో నేలను మాత్రమే పలకరించే మనిషి.
నీళ్ళు సగం మెట్ల మీదే పోయాయి.
"ఎక్కడ? ఎక్కడ మంట?"
మిరపకాయలు చూపించాను.
ఆయనా తుమ్మాడు.
పేరు కాశీనాథమట. టీకి ఉండమంటే
బకెట్టు ఎక్కడ పెట్టాలో తెలీక
ఒళ్ళోనే పెట్టుకుని కూచున్నాడు.

ఖలీల్ పాతదాన్ని పేపర్లో చుట్టి సంచిలో వేసుకున్నాడు.
లిఫ్టు దిగుతోంది. రెండో అంతస్తు దగ్గర కాబోలు,
సన్నగా ఒక 'కీచ్'.
వరహాలు నా వంక చూసింది.
ఎలక, అన్నాను.